పది మంది వినే రేడియోకు పాట బిల్లు ఎవలు రాస్తరు?

ఒక చిన్న లెక్కతోని షురువు జేద్దాం. అమెరికాల ఉండే మనోడు ఒకడు ఇంట్ల కంప్యూటర్ మీద నెట్ రేడియో పెట్టుకున్నడు అనుకోండ్రి. కంపెనీ గాదు, యాపారం గాదు. యాడ్‌లు లేవు, చందా లేదు. నౌకరీ నుంచి ఒచ్చినంక పాత తెలుగు పాటలు పేర్చి పెడ్తడు, రాత్రి పగలు అవి తిరుగుతుంటయి. ఏ టైముల జూసినా సగటున పది మంది వింటుంటరు. పది మందంటె ఒక ఇంటి చుట్టాలంత గూడ గాదు.

తెలుగు పాట సుమారు ఐదు నిమిషాలు. గంటకు పన్నెండు పాటలు. పది మంది చెవులు, 24 గంటలు, 365 రోజులు. అన్ని గుణిస్తె 10,51,200. అక్కడి చట్టం లెక్కల ఒక పాట ఒక చెవికి చేరితె అది ఒక 'ప్రదర్శన'. 2021ల ఖరారైన రేటు ప్రకారం ఒక్కో ప్రదర్శనకు 0.0021 డాలర్. అంటె ఏడాదికి 2,200 డాలర్ల పైన. అదే వంద మంది వింటె 22,000 డాలర్లు దాటుతది. ఒక్క రూపాయి రాని పనికి గింత బిల్లు. ఇది రికార్డింగు హక్కుల పైసలే. పాట రాసినోళ్లకు, బాణీ కట్టినోళ్లకు అస్కాప్, బీఎంఐ, సీశాక్ అసొంటి సంస్థల నుంచి వేరే లైసెన్సు దీస్కోవాలె.

ఇగ అసలు తమాషా ఇనుండ్రి. అదే ఊర్ల అదే పాటను టవర్ మీదికెల్లి లక్షల మందికి వినిపించే పెద్ద ఎఫ్‌ఎం స్టేషన్ రికార్డింగు హక్కుకు పైస గూడ కట్టది. నిజంగనే. అమెరికా చట్టంల ఏఎం, ఎఫ్‌ఎం రేడియోలు పాట రాసినోళ్లకు కడ్తయి గని, పాడినోళ్లకు, రికార్డు కంపెనీకి కట్టవు. మేము పాట ఏస్తెనే మీ రికార్డులు అమ్ముడు వోతయి, ఇంక మాకెందుకు బిల్లు అని ఆ రేడియోలోళ్లు ఎన్కట్నుంచి వాదిస్తున్నరు, అది చెల్లుతున్నది గూడ. నెట్ రేడియో మాత్రం 1995, 1998 చట్టాల కింద కట్టాలె. టవర్ ఉన్నోనికి మాఫీ, కంప్యూటర్ ఉన్నోనికి బిల్లు. బలం ఉన్నోడు చట్టం రాసే కాడ కూసుంటడు, గంతే.

ఈ రేటు ఎట్ల తయారైందో జూస్తె చిన్నోని కష్టం ఇంకా సాఫ్ కనవడ్తది. 1998ల డిజిటల్ కాపీరైట్ చట్టం ఒచ్చింది. రేటు ఎంతనో మాత్రం నాలుగేండ్ల దాక తేలలే. 2002 ఫిబ్రవరిల ఒక మధ్యవర్తి ప్యానెల్ నెట్ రేడియోకు ప్రదర్శనకు 0.14 సెంటు అన్నది. అగ్గి వుట్టింది. మే 1న వందల నెట్ రేడియోలు ఒక్క రోజు పాటలు బంద్ జేసి మౌనం పాటించినయి. జూన్‌ల లైబ్రేరియన్ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని సగానికి, అంటె 0.07 సెంటుకు తగ్గించిండు. తగ్గిందని సంబురపడేటందుకు లేదు, ఎందుకంటె అది 1998 అక్టోబర్ సంది ఎనుకటి బాకీతోని కలిపి కట్టమన్నరు. నాలుగేండ్లు సరదాగ పాటలేస్కున్నోనికి ఒక్క దినం నాలుగేండ్ల కిరాయి అడిగినట్టు.

చిన్నోళ్లు లొల్లి జేస్తె అదే ఏడు డిసెంబర్‌ల స్మాల్ వెబ్‌కాస్టర్ సెటిల్‌మెంట్ చట్టం ఒచ్చింది. దాని కింద జరిగిన ఒప్పందంల చెవుల లెక్క పక్కకు వోయి, ఒచ్చిన పైసలల్ల 10 నుంచి 12 శాతం అనే పద్ధతి ఒచ్చింది. ఖర్చు మీద లెక్క, కనీస ఫీజు గూడ పెట్టిన్రు గని, చిన్నోడు ఊపిరి పీల్చుకున్నడు.

మళ్ల 2007 మార్చిల కాపీరైట్ రాయల్టీ బోర్డు ఆ శాతం పద్ధతిని పక్కన వెట్టింది. ప్రదర్శనకు 2006కు 0.08 సెంటు, ఏడాదికింత పెరుక్కుంట 2010కి 0.19 సెంటు. ఒక్కో చానెల్‌కు ఏడాదికి కనీసం 500 డాలర్లు. అది గూడ ఎనుకటి ఏడాది సంది. జూన్ 26న మళ్ల మౌన దినం. మళ్ల బేరాలు, మళ్ల పార్లమెంటుల చట్టాలు, 2009ల మళ్ల చిన్నోళ్లకు శాతం లెక్క. దాని గడువు 2015 ఆఖరు. ఆ డిసెంబర్‌ల బోర్డు కొత్త రేట్లు చెప్పింది, చిన్నోళ్లకు వేరే రేటు అనే ముచ్చట అందుల లేకుంట వోయింది.

పానం వోయింది లైవ్365కు. 1999ల వుట్టిన ఈ కంపెనీ వేల మంది అభిరుచి రేడియోలకు చెట్టు నీడ లెక్క ఉండె. నెలకింత కడితె సర్వర్ వాళ్లదే, రాయల్టీ లెక్కలు వాళ్లే రాసేది. ఒకాయన జాజ్ వాయిస్తె ఇంకొకామె తన దేశం జానపదం ఏస్తది, అందరి కాగితాలు ఒక్క కాడనే. 2016 జనవరి 31న మూసేసిన్రు. తర్వాత ఏడాది ఇంకో యజమాని చేతుల మళ్ల తెరిచిన్రు గని, చెదిరిపోయిన స్టేషన్లన్ని తిరిగి రాలే. పెద్ద కంపెనీలకు గీ దెబ్బ తగలలే. వాళ్లకు వకీళ్లు ఉన్నరు, రికార్డు కంపెనీలతోని నేరుగ మాట్లాడుకునే తాకత్ ఉన్నది.

అమెరికా చట్టంల ఇంకో మెలిక ఉన్నది, మనోళ్లు దాన్ని తెలుసుకోవాలె. పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థ నడిపే రేడియో అయితె, 2021ల ఖరారైన లెక్కల ఏడాదికి చానెల్‌కు 1,000 డాలర్లే ఉండె. దాంతోని నెలకు 1,59,140 శ్రవణ గంటల దాక ఎయ్యొచ్చు. అంటె రాత్రి పగలు సగటున 218 మంది విన్నా అదే వెయ్యి. గదే 218 మందికి ఒంటరి మనిషి తన పేరు మీద ఏస్తె లెక్క 48,000 డాలర్లకు వోతది. లాభం రెండింట్ల లేదు, తేడా రిజిస్ట్రేషన్ కాగితంల ఉన్నది. తానా, ఆటా అసొంటి తెలుగు సంఘాలకు ఆ కాగితం ఉన్నది. రెండేండ్లకోసారి మహాసభలకు ఖర్చువెట్టే దాంట్ల చిటికెడంత ఇటు మళ్లిస్తె, ఊరూరా ఒంటరిగ పాటలు ఏస్కుంట భయపడే తెలుగు రేడియోలోళ్లకు గొడుగు వట్టొచ్చు. ఎందుకు పట్టరో వాళ్లనే అడగాలె.

పైసలు కట్టినంత మాత్రాన ఇష్టమున్న పాట ఎయ్యనిస్తరా అంటె, అదీ లేదు. చట్టబద్ధ లైసెన్సుకు షరతులున్నయి. మూడు గంటలల్ల ఒకే గాయకుని పాటలు నాలుగు మించొద్దు, అందుల వరుసగ మూడు మించొద్దు. ఒకే ఆల్బమ్ నుంచి మూడు, వరుసగ రెండు మించొద్దు. ఏ పాట ఎప్పుడొస్తదో ముందుగాల జాబితా అచ్చేసి చెప్పొద్దు. శ్రోత అడిగిన పాటను అడిగిన గంట లోపల ఎయ్యడమే స్టేషన్ పనిగ పెట్టుకుంటె అది రేడియోనే గాదంటరు.

గిది రాసినోళ్ల కండ్ల ముంగట రాక్ బ్యాండ్లు ఉండొచ్చు. తెలుగు సినిమా పాట అట్ల ఉండదు గదా. 1950, 60లల్ల పాటలు దీస్కుంటె మొగ గొంతు అంటె ఎక్కువ మట్టుకు ఘంటసాల, ఆడ గొంతు అంటె సుశీల, లీల, జిక్కి, జానకి. 80లకు ఒస్తె బాలసుబ్రహ్మణ్యం. గా లెక్కన ఘంటసాల జయంతి డిసెంబర్ 4 నాడు రెండు గంటలు ఆయన పాటలే ఏస్తె అమెరికా రూలు తప్పినట్టే. మీరు కోరిన పాటలు అని ఆకాశవాణి దశాబ్దాలు నడిపిన కార్యక్రమాన్ని అచ్చం అట్లనే నెట్ రేడియోల నడిపినా చిక్కే. ఈ షరతు రాసినోళ్లు ఒక్క పొద్దు వివిధభారతి పెట్టుకోని వింటె వేరే తీరుగ రాసేటోళ్లేమో.

ఒక్క మంచి ముచ్చట మాత్రం ఒప్పుకోవాలె. వసూలైన పైసలల్ల సగం రికార్డు యజమానికి, 45 శాతం నేరుగ ప్రధాన గాయకునికి, 5 శాతం వాయిద్యగాండ్లకు, పక్క గొంతులోళ్లకు అని చట్టంలనే రాసి ఉన్నది. గాయకుని వాటా కంపెనీ చేతుల నుంచి పోదు, సౌండ్‌ఎక్స్చేంజ్ అనే సంస్థ నేరుగ ఇస్తది. గని ఆ గాయకుడు అక్కడ పేరు నమోదు జేస్కోవాలె. మూడేండ్ల దాక హక్కుదారు దొరకకుంటె ఆ పైసలు సంస్థ ఖర్చులల్ల కలుపుకోవచ్చు. తెలుగు పాట పాడిన ఎంత మంది అక్కడ పేరు రాయించుకున్నరో ఆలోచించుండ్రి. డాలస్‌ల ఒక తెలుగాయన కట్టిన ఫీజు వరంగల్‌ల ఉన్న గాయకునికి చేరుతదన్న భరోసా లేదు.

ఇగ మన కాడికి ఒద్దాం. ఇక్కడ సమస్య రేటు ఎక్కువని గాదు. నెట్ రేడియోకు రేటే లేదు.

ఎఫ్‌ఎం రేడియోలు మొదలైన కొత్తల పాటకు గంటల లెక్కన కట్టేది. అది మోయలేమని ఏండ్లకేండ్లు కొట్లాడినంక 2010 ఆగస్టు 25న కాపీరైట్ బోర్డు నికర యాడ్ ఆదాయంల 2 శాతం కడితె సాలన్నది. రేడియోకు ఒస్తే కట్టు, రాకుంటె తక్కువ కట్టు. ఇది చిన్నోనికి సరిపోయే పద్ధతి. 2012ల చట్టం సవరించి 31డి అనే సెక్షన్ పెట్టిన్రు. దాని ప్రకారం ప్రసార సంస్థ ముందుగ నోటీసు ఇచ్చి, ఖరారైన రేటు కట్టి, పాట ఏస్కోవచ్చు. కంపెనీ కుదరదు అనేటందుకు లేదు. ఆ 2 శాతం గడువు 2020 సెప్టెంబర్‌తోని తీరింది. డిసెంబర్ 31న ఐపీఏబీ అనే ట్రిబ్యునల్ మళ్ల గంటల లెక్కకే మర్లింది. సాహిత్యానికి, సంగీతానికి వేరే కట్టాలె అన్నది. నాలుగు నెలలు తిరగకముందే, 2021 ఏప్రిల్‌ల ఆ ట్రిబ్యునల్‌నే సర్కారు రద్దు జేసింది. ఇప్పుడు రేటు పంచాయితీ ఉంటె కోర్టుకే వోవాలె. ఎఫ్‌ఎం కంపెనీ పోతది. ఇంట్ల రేడియో నడిపే పోరడు యాడికి పోతడు?

మరి 31డి నెట్ రేడియోకు ఒర్తిస్తదా? 2016 సెప్టెంబర్‌ల కేంద్ర పారిశ్రామిక విధాన శాఖ ఒక మెమో ఇచ్చి, ఇంటర్నెట్ ప్రసారం గూడ అందులకే ఒస్తదన్నది. 2019 ఏప్రిల్‌ల టిప్స్ కంపెనీ, వింక్ మ్యూజిక్ కేసుల బొంబాయి హైకోర్టు గా మెమోను పక్కకు వెట్టింది. 31డి రేడియోకు, టీవీకే గని ఇంటర్నెట్‌కు గాదన్నది. 2022 అక్టోబర్‌ల ఇద్దరు జడ్జీల బెంచి గూడ అదే మాట ఖాయం జేసింది. ఆ కేసుల ఎదురుంగ ఉన్నది చిన్న రేడియో గాదు, ఎయిర్‌టెల్ వాళ్ల యాప్. పాటలు డౌన్‌లోడ్ ఇచ్చి చందా వసూలు జేసే వ్యాపారం. దాని మీద రాసిన తీర్పు నీడ మాత్రం పది మందికి పాట వినిపించే రేడియో మీద గూడ పడ్డది. ఏనుగులు కొట్లాడుకుంటె నలిగేది గడ్డి.

దీంతోని ఏమైందంటె, తరంగాలు వాడడు గాబట్టి నెట్ రేడియో పెట్టేటోనికి తరంగాల లైసెన్సు అక్కర్లేదు, పాటకు మాత్రం ప్రతి కంపెనీ గడప తొక్కాలె. ఆదిత్య దగ్గర ఒక కట్ట, సారెగమ దగ్గర ఇంకో కట్ట, లహరి దగ్గర మరొకటి. సాహిత్యానికి, బాణీకి ఐపీఆర్‌ఎస్. ఇవ్వాలె అనే నియమం లేదు, ఇంతకే ఇవ్వాలె అనే రేటు లేదు. పెద్ద కంపెనీ ఆఫీసుల పది మంది శ్రోతలున్న మనిషి ఈమెయిల్‌కు జవాబు రాసే ఓపిక ఎవలికి ఉంటది?

జవాబు రాలే గదా అని ఏస్తె శిక్ష చిన్నది గాదు. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్‌ల ఆరు నెలల నుంచి మూడేండ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాక జుర్మానా. లాభం కోసం గాకపోతె జడ్జి కారణం రాసి తగ్గించొచ్చు, అది వేరే ముచ్చట. గని 2022 మేల సుప్రీంకోర్టు ఈ నేరానికి బెయిలు హక్కుగ రాదని, పోలీసులు వారెంట్ లేకుంటనే కేసు కట్టొచ్చని తేల్చింది. దొంగ సీడీలు కుప్పలు వోసి అమ్మేటోనికి రాసిన సెక్షన్‌ల, సరదాకు పాటేసేటోడు గూడ ఇరుక్కునే వీలున్నది.

మన చట్టంల మినహాయింపులు లేవా అంటె ఉన్నయి. పెండ్లి బరాత్‌ల పాటలేస్తె 52వ సెక్షన్ మాఫీ ఇస్తది, పెండ్లి వేడుకలను గూడ మత కార్యం కిందనే లెక్కగట్టింది. ఔత్సాహిక సంఘం పైసలు దీస్కోకుంట జనం ముంగట పాట పాడినా మాఫీనే. గల్లీ దద్దరిల్లేటట్టు డీజే పెట్టుకోని వెయ్యి మందికి వినిపిస్తె తప్పు లేదు, చెవుల్ల పెట్టుకునే ముట్టి నుంచి పది మందికి వినిపిస్తె తప్పు. చట్టం రాసేనాడు అభిరుచి రేడియో అనే మనిషి వాళ్ల కంటికి ఆనలే, గది అసలు సంగతి. హామ్ రేడియో అభిరుచి గదా అనొచ్చు, దాంట్ల పాటలు వేసుడే నిషిద్ధం.

పాత పాటలు ఉచితమే గదా అని శానా మంది అనుకుంటరు. సగమే నిజం. సౌండ్ రికార్డింగ్ మీద హక్కు విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏండ్లు. 'మాయాబజార్' 1957ల ఒచ్చింది గాబట్టి ఆ రికార్డింగు హక్కు 2017తోని తీరింది. గని పాట రాసినోని హక్కు ఆయన పోయినంక 60 ఏండ్లు ఉంటది. పింగళి నాగేంద్రరావు 1971ల పోయిండు, ఆ మాటల మీద హక్కు 2031 ఆఖరు దాక ఉంటది. ఘంటసాల 1974ల పోయిండు, ఆయన కట్టిన బాణీ 2034 దాక. అంటె గొంతు జనానిది అయింది, మాట, బాణీ ఇంకా కాలే. ఈ తేడా తెలియక పాత పాటలే గదా అని రేడియో తెరిచినోడు ఒక రోజు నోటీసు సూసి నోరెళ్లవెడ్తడు.

పాట రాసినోళ్ల పక్షం నుంచి గూడ ఒక మాట అనాలె. 2012 సవరణ కోసం జావేద్ అఖ్తర్ రాజ్యసభల గట్టిగ కొట్లాడిండు. రాయల్టీల రచయితకు, సంగీతకారునికి సమాన వాటా ఉండాలె, దాన్ని నిర్మాత ముందుగ రాయించుకునేటందుకు లేదు అని చట్టం జెప్పింది. అయినా ఎఫ్‌ఎం కంపెనీలు మేము రికార్డింగుకు కట్టినం గదా అని తప్పించుకుంట ఒచ్చినయి. 2023 ఏప్రిల్ 28న బొంబాయి హైకోర్టు, రేడియోల పాట ఏసిన ప్రతిసారీ రచయిత, సంగీతకారుని వాటా గూడ కట్టాల్సిందే అన్నది. అది న్యాయమైన తీర్పు. చిన్న రేడియోకు అంతా మాఫీ జెయ్యమని నేను అడుగుత లేను. రూపాయైనా కట్టాలె. ఆ రూపాయి కట్టే కిటికీ ఏదో చూపించమంటున్న.

సమాజ రేడియో ముచ్చట జూస్తె ఇంకో దారి కనవడ్తది. 1995 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు గాలి తరంగాలు జనం ఆస్తి అన్నది. 2000ల మన జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌ల జరిగిన సభ నుంచే సమాజ రేడియో కావాలన్న ప్రకటన ఒచ్చింది. 2006 నవంబర్‌ల కేంద్రం స్వచ్ఛంద సంస్థలకు గూడ అనుమతి తెరిచింది. 2008 అక్టోబర్ 15న మాచనూర్‌ల సంఘం రేడియో మోగింది. దళిత ఆడోళ్లు నడిపే ఆ రేడియోల ఇత్తనాల ముచ్చట్లు, ఎవుసం పాటలు, పండుగ పాటలు. పాట వాళ్లదే, గొంతు వాళ్లదే, ఏ కంపెనీ బిల్లు పంపుతది?

గని అన్ని రేడియోలకు గా దారి సరిపోదు. జానపదం ఎవల సొత్తు గాదు, నిజమే. దాన్ని రికార్డు జేసిన కంపెనీకి మాత్రం ఆ రికార్డింగు సొత్తే. ఇయ్యాల తెలంగాణ పాట శానా మట్టుకు యూట్యూబ్ చానెళ్ల చేతుల ఉన్నది. అమ్మమ్మ పాడిన పాటను మనుమరాలు స్టూడియోల పాడితె, ఒక్కసారి చేతిల పెట్టిన పైసలతోని ఆమె ముచ్చట ఒడిసిపోతది, రికార్డింగు చానెల్‌ది అయితది. రేపు ఆమెనే ఊర్ల రేడియో పెట్టుకోని తన పాట తాను ఏస్తె హక్కుల నోటీసు ఆమెకే రావొచ్చు.

నా మట్టుకు దారి మరీ కష్టమైనదేం గాదు. ఏడాదికి ఇంత ఆదాయం లోపల, ఇంత మంది శ్రోతల లోపల ఉన్న రేడియోకు ఒక్క చిన్న ఫీజు, ఒక్క ఫారం, ఒక్క కిటికీ. అందుల రికార్డింగు వాటా, రచయిత వాటా, గాయకుని వాటా చట్టంలనే పంచి రాయాలె. హద్దు దాటినోడు మామూలు రేటు కట్టాలె. చిన్నోళ్ల పేరు మీద పెద్దోళ్లు దూరుతరని కంపెనీలు భయపడ్తయి. గా భయం ఉత్తదేం గాదు, అందుకనే హద్దు సాఫ్‌గ రాయాలంటున్న. అమెరికా 2002ల, 2009ల రెండు మార్లు హద్దు గీసి చూపించింది. అక్కడ చెడింది హద్దు తోని గాదు, గడువు తోని. ఐదారేండ్లకోసారి తీరిపోయే ఒప్పందం మీద ఎవడూ ఇల్లు కట్టుకోడు.

2021 జులైల పార్లమెంటు స్థాయీ సంఘం మేధో హక్కుల మీద ఇచ్చిన 161వ నివేదికల, 31డి సెక్షన్‌ల ఇంటర్నెట్ ప్రసారాలను గూడ కలపాలని సిఫార్సు జేసింది. పెద్ద యాప్‌ల కంపెనీలు గా సిఫార్సును ఎప్పుడో సదువుకున్నయి, పాటల కంపెనీలు దానికి ఎదురు కాగితాలు రాసుకున్నయి. రెండు పక్కల వకీళ్లున్నరు. సవరణ బిల్లు ముసాయిదా బైటికొచ్చే నాడు అందుల చిన్న రేడియో అనే మాట ఒక్క లైన్లనన్నా ఉంటదా లేదా అనేది, మన ఎంపీలల్ల ఎవలన్న ముందుగాల అడుగుతరా లేదా అనే దాని మీద ఉన్నది.